పట్టణంలో పనికి డబ్బు: గ్రాంటా, పథకమా, అప్పా, ఇంటి పన్నా?

మున్సిపల్ కౌన్సిల్ సమావేశానికి ఎప్పుడైనా వెళ్లి కూర్చుంటే ఒక తంతు కనిపిస్తుంది. ఎవరో ఒక వార్డు సభ్యుడు లేచి, మా వార్డులో వరద కాలువ ఎప్పుడు కడతారని అడుగుతాడు. నిధులు లేవని జవాబు వస్తుంది. వెనక నుంచి ఇంకొకరు, కేంద్రం కోట్లు ఇచ్చింది కదా, అవేమయ్యాయని గొంతు పెంచుతారు. నిజానికి ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. డబ్బు ఉంది, కాకపోతే ఆ కాలువకు వాడటానికి వీల్లేని పద్దులో ఉంది.

పట్టణాలకు డబ్బు వచ్చే దారులు స్థూలంగా ఆరు: ఆర్థిక సంఘం గ్రాంటు, కేంద్ర పథకాలు, తక్కువ వడ్డీ అప్పు, మున్సిపల్ బాండ్లు, ప్రైవేటు భాగస్వామ్యం, సొంత పన్నులు. వీటిలో ఏది మంచిదని అడిగితే జవాబు చెప్పలేం. ఫలానా పనికి ఏది సరిపోతుందని అడిగితే చెప్పొచ్చు. నేనైతే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటాను. పని కొత్తదా, మరమ్మతా? ఊరి జనాభా ఎంత? కట్టడం పూర్తయ్యాక నెలనెలా కరెంటు బిల్లు, సిబ్బంది జీతాలు ఎవరు భరిస్తారు? మూడో ప్రశ్న దగ్గర అందరూ నీళ్లు నమిలితే, ఎంత పెద్ద గ్రాంటు వచ్చినా ఆ పని కొన్నాళ్లు ఆపడమే మేలు. ఏనుగును ఎవరో ఉచితంగా ఇస్తారు, మేపాల్సింది మనమే.

ఇంత తిరుగుడు ఎందుకంటే, 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ నీళ్లు, పారిశుధ్యం, రోడ్లు, వీధిదీపాలు లాంటి 18 అంశాలను 12వ షెడ్యూలులో పెట్టి, వాటిని మున్సిపాలిటీలకు అప్పగించవచ్చని చెప్పింది. డబ్బు మాత్రం ఆ వెంట రాలేదు. రిజర్వ్ బ్యాంక్ 2022 నవంబరులో ఇచ్చిన మున్సిపల్ ఆర్థిక నివేదిక ప్రకారం మన దేశంలో మున్సిపాలిటీల రాబడి పదేళ్లకు పైగా జీడీపీలో 1 శాతం దగ్గరే ఆగిపోయింది. బ్రెజిల్‌లో అది 7 శాతం పైన, దక్షిణాఫ్రికాలో 6 శాతం.

ఆర్థిక సంఘం గ్రాంటు: అందరికీ వచ్చేది, అందరూ తక్కువ చదివేది

కేంద్రం రాబడిలో రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు ఎంత ఇవ్వాలో ఐదేళ్ల లెక్కన సిఫార్సు చేసేది ఆర్థిక సంఘం. దాని గ్రాంటుకు పోటీ పడక్కర్లేదు, ప్రాజెక్టు నివేదిక రాయక్కర్లేదు. షరతులు నెరవేరిస్తే ఏటా వస్తుంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా ఐదేళ్లకు దేశంలోని పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. అందులో 38,196 కోట్లు పది లక్షల జనాభా దాటిన నగరాలవి. మన రెండు రాష్ట్రాల్లో ఆ జాబితాలోకి వచ్చేవి హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం. మిగతాది చిన్నా పెద్దా పట్టణాలన్నింటికీ.

15వ సంఘం లెక్కలో చిన్న పట్టణానికి వచ్చిన రూపాయిలో 40 పైసలు విడి నిధి, అంటే ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. జీతాలకు, ఆఫీసు ఖర్చులకు మాత్రం వాడకూడదు. మిగతా 60 పైసలకు ముడి ఉంది: 30 పైసలు తాగునీరు, వర్షపు నీటి నిల్వ, నీటి పునర్వినియోగానికి, 30 పైసలు పారిశుధ్యానికి, చెత్తకు. ఒక పట్టణానికి 5 కోట్లు వచ్చిందంటే రోడ్డుకో వరద కాలువకో తీయగలిగేది 2 కోట్లే. మిగతా 3 కోట్లు ఖాతాలో కనిపిస్తూనే ఉంటాయి. పేపర్లో "మూలుగుతున్న నిధులు" అని వార్త వచ్చినప్పుడు చాలాసార్లు అసలు సంగతి ఇదే.

15వ సంఘం షరతుల విషయానికొస్తే, వార్షిక లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టాలి. ముందటి ఏడాదివి తాత్కాలిక లెక్కలైనా సరే, అంతకు ముందటివి ఆడిట్ అయి ఉండాలి. 2022-23 నుంచి ఇంకొకటి చేరింది: రాష్ట్రం ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలి, వసూళ్లు రాష్ట్ర ఆర్థిక వృద్ధితో పాటు పెరగాలి. కేంద్రం నుంచి డబ్బు రాగానే పది పని దినాల్లో రాష్ట్రం దాన్ని మున్సిపాలిటీలకు బదిలీ చేయాలి, ఆలస్యమైతే వడ్డీతో కలిపి ఇవ్వాలి. ఈ చివరి నిబంధన తెలిసిన వార్డు సభ్యులు నాకు ఒక చేతి వేళ్లకు మించి తగల్లేదు. తెలిస్తే అడిగే ప్రశ్నే మారిపోతుంది. గ్రాంటు వచ్చిందా అని కాకుండా, ఏ తేదీన రాష్ట్ర ఖజానాకు చేరింది, ఏ తేదీన మన ఖాతాకు వచ్చింది అని అడుగుతారు.

2026 ఏప్రిల్ నుంచి 2031 మార్చి దాకా అరవింద్ పనగడియా అధ్యక్షత వహించిన 16వ ఆర్థిక సంఘం లెక్క. ఏ ఏడాది గ్రాంటు గురించి మాట్లాడుతున్నారో చూసుకుని ఆ సంఘం షరతులే చదవండి. పాత సర్క్యులర్ పట్టుకుని ఎవరో గట్టిగా చెప్పారని ఒప్పుకోకండి.

ఈ డబ్బు మంచి గుణం అది నమ్మకంగా రావడం. చిన్న పనులకు, నడుస్తున్న వ్యవస్థను బాగు చేసుకోవడానికి దీనికి మించింది లేదు. 30 కోట్ల నీటి పథకాన్ని మాత్రం దీనితో కట్టాలని చూస్తే, ఏడాదికో ముక్క చొప్పున పైపు వేస్తూ ఐదేళ్ల తర్వాత మొదటి ముక్క పాడైపోయే చోటికి వస్తాం.

అమృత్, స్వచ్ఛ భారత్: పెద్ద పనులకు పెద్ద డబ్బు, వాటాతో సహా

పట్టణాల్లో నీటి, మురుగు పనులకు కేంద్రం పెట్టిన అమృత్ పథకం మొదటి విడత 2015 జూన్‌లో 500 నగరాలతో మొదలైంది. అమృత్ 2.0 2021 అక్టోబరు 1న వచ్చింది. మొత్తం అంచనా 2,99,000 కోట్లు, అందులో కేంద్ర వాటా 76,760 కోట్లు. అదే రోజు మొదలైన స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ 2.0 అంచనా 1,41,600 కోట్లు. రెండూ ఐదేళ్ల లెక్కతో మొదలైన పథకాలే. అందుకని మీ పట్టణం నుంచి కొత్త ప్రతిపాదన పంపే ముందు, ఇప్పుడు కొత్త పనులు తీసుకుంటున్నారా, మంజూరైనవి పూర్తి చేయడానికే డబ్బిస్తున్నారా అన్నది పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్ విభాగంలో అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. తాగునీటికి అమృత్ 2.0 అన్ని పట్టణాలకూ వర్తిస్తుంది. మురుగునీటికి అలా కాదు. పాత 500 అమృత్ నగరాలకు మురుగు పనులు అమృత్ కింద వస్తాయి. లక్ష లోపు జనాభా ఉన్న పట్టణాల్లో వాడిన నీటి శుద్ధి స్వచ్ఛ భారత్ కింద వస్తుంది. మూడు నెలలు కష్టపడి తయారు చేసిన నివేదిక "ఇది మా పథకం కింద రాదు" అని తిరిగొచ్చిందంటే, తప్పు ఇంజనీరు లెక్కల్లో ఉండకపోవచ్చు, పైన రాసిన పథకం పేరులో ఉండొచ్చు.

ఇంకో తేడా. మొదటి అమృత్‌లో వరద కాలువలు ఒక విభాగంగా ఉండేవి. రెండో అమృత్ తాగునీరు, మురుగు, చెరువుల పునరుద్ధరణ, పార్కులు అన్నట్టుగా సాగింది. వానొస్తే మునిగే కాలనీ వాళ్లు అమృత్ అమృత్ అని అర్జీలు పెట్టడం చూస్తుంటే జాలేస్తుంది. వాళ్లు తట్టాల్సిన తలుపు వేరే.

కేంద్రం ఎంత ఇస్తుందన్నది జనాభాను బట్టి. లక్ష లోపు పట్టణానికి సగం, లక్ష నుంచి పది లక్షల దాకా మూడో వంతు, పది లక్షలు దాటితే పావు వంతు. 40 కోట్ల నీటి పథకం అనుకుందాం. 60 వేల జనాభా పట్టణానికి కేంద్రం నుంచి 20 కోట్లు, 3 లక్షల నగరానికి 13 కోట్ల పైచిలుకు, 12 లక్షల నగరానికి 10 కోట్లు. మిగతాది రాష్ట్రం, మున్సిపాలిటీ కలిసి పెట్టుకోవాలి. డబ్బు కూడా 20, 40, 40 శాతం చొప్పున మూడు విడతల్లో వస్తుంది. ముందటి విడత ఖర్చు చేసినట్టు వినియోగ పత్రం పంపి, మన వాటా జమ చేస్తేనే తర్వాతది కదులుతుంది. పైపులు వచ్చి రోడ్డు పక్కన దొంతరలుగా పడి ఉండి, ఏడాది దాటినా గుంత తవ్వకపోవడం వెనక కథ ఎక్కువగా ఈ రెండో విడతే. కేంద్రం డబ్బు రాలేదని అక్కడ, రాష్ట్ర వాటా పడలేదని ఇక్కడ చెప్తారు. ఈ లోపు కాంట్రాక్టరు మనుషులను ఇంకో సైటుకు తీసుకుపోతాడు.

దీనికి ఒక ఉపాయం ఉంది. ఆర్థిక సంఘం గ్రాంటులో నీటికి, పారిశుధ్యానికి ముడిపడిన భాగాన్ని ఈ పథకాల్లో మున్సిపాలిటీ వాటాగా చూపించుకోవచ్చు. ఖాతాలో మూలుగుతున్న డబ్బుకూ దారి దొరుకుతుంది, వాటా కోసం రాష్ట్రం వైపు చూడటమూ కొంత తగ్గుతుంది. గ్రాంటునూ పథకాన్నీ పోటీలుగా చూసే బదులు ఇలా జత కట్టడమే తెలివైన పని.

భూమి కొనడానికి, కట్టిన తర్వాత నడపడానికి పథకం డబ్బు రాదని గట్టిగా గుర్తు పెట్టుకోండి. శుద్ధి ప్లాంటుకు స్థలం చేతిలో లేకుండా మంజూరు తెచ్చుకోవడం పెళ్లికొడుకు లేకుండా ముహూర్తం పెట్టుకోవడమే.

అప్పు: వడ్డీ తక్కువని సంబరపడే ముందు

పట్టణ మౌలిక సదుపాయాల అభివృద్ధి నిధి, ఆఫీసుల్లో యూఐడీఎఫ్ అంటారు. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ప్రాధాన్య రంగాలకు ఇవ్వాల్సినంత అప్పులు ఇవ్వలేకపోయిన బ్యాంకుల దగ్గర మిగిలిన సొమ్ముతో నేషనల్ హౌసింగ్ బ్యాంక్ దీన్ని నడుపుతుంది. గ్రామాల మౌలిక సదుపాయాలకు నాబార్డు దగ్గర ఉన్న ఆర్ఐడీఎఫ్ నిధికి ఇది పట్నం చెల్లెలు. 50 వేల నుంచి పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లకు. వడ్డీ రిజర్వ్ బ్యాంకు వారి బ్యాంక్ రేటు కంటే 1.5 శాతం తక్కువ. ఏడేళ్ల గడువు, అందులో మొదటి రెండేళ్లు అసలు కట్టక్కర్లేదు. మామూలు రాష్ట్రాల్లో ప్రాజెక్టు కనీసం 5 కోట్లది, గరిష్ఠంగా 100 కోట్లది ఉండాలి. అమృత్ వదిలేసిన వరద కాలువలకు ఇక్కడ చోటుంది.

చవకే, ఒప్పుకుంటాను. కాని గడువు చూడండి. 20 కోట్లు తీసుకుంటే రెండేళ్లు పోగా ఐదేళ్లలో ఏటా 4 కోట్ల అసలు. బ్యాంక్ రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ 4.5 శాతం, మొదటి ఏడాదికి 90 లక్షలు. కాలువ యాభై ఏళ్లు ఉంటుంది, అప్పు ఏడేళ్లలో తీరాలి. కాలువ వల్ల మున్సిపాలిటీకి పైసా ఆదాయం రాదు. ఈ అప్పు తీసుకునేదీ తీర్చేదీ రాష్ట్ర ప్రభుత్వమే కాబట్టి మనకేం అనుకుంటారు. నిజమే, కాని రేపు రాష్ట్రం మన పట్టణానికి ఇచ్చే వేరే నిధుల్లో ఈ కిస్తులను సర్దుకుంటుందా లేదా అన్నది మంజూరు ఉత్తర్వులో ఉంటుంది. ఆ ఒక్క పేరా చదవకుండా కౌన్సిల్ తీర్మానం మీద చెయ్యెత్తొద్దు.

దీనికంటే తేలికైన అప్పు ఒకటుంది: మూలధన పెట్టుబడికి రాష్ట్రాలకు కేంద్రం 2020-21 నుంచి ఇస్తున్న యాభై ఏళ్ల వడ్డీ లేని రుణం. ఇది నేరుగా మున్సిపాలిటీకి రాదు, రాష్ట్రం ఏ పనులను జాబితాలో పెడుతుందో దాన్ని బట్టి ఉంటుంది. ఎమ్మెల్యే, మంత్రి ద్వారా ఒత్తిడి తేవాల్సింది ఇలాంటి చోట. మామూలుగా ఆ ఒత్తిడంతా ఎంపీ నిధులకు ఖర్చయిపోతుంది. ఏడాదికి ఎంపీకి వచ్చేది 5 కోట్లు, అది ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలకు పంచాలి. బోరు, కమ్యూనిటీ హాలు, చిన్న సీసీ రోడ్డు దాకా సరే.

విదేశీ బ్యాంకుల అప్పులు రాష్ట్ర స్థాయి వ్యవహారం. ఆంధ్రప్రదేశ్‌లో లక్ష లోపు జనాభా ఉన్న 50 పట్టణాల నీటి సరఫరా కోసం ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు 2018లో 40 కోట్ల డాలర్ల రుణానికి ఒప్పుకుంది. ఇలాంటి వాటిలో వడ్డీ కంటే డాలరు రేటు, టెండరు నిబంధనలు, రాష్ట్ర వాటా సమయానికి పడటం ముఖ్యం. మీ ఊరు ఆ జాబితాలో ఉంటే అదే పనికి ఇంకో పథకంలో డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) పెట్టకుండా చూసుకోండి. ఒకే వీధికి రెండు పద్దులు రాస్తే రెండూ ఆగిపోతాయి.

బాండ్లు

పేరు గొప్పగా ఉంటుంది, పని మాత్రం మున్సిపాలిటీ తన పేరున మార్కెట్లో పెట్టుబడిదారుల దగ్గర అప్పు తీసుకోవడమే. 1997లో బెంగళూరు, 1998లో రాష్ట్ర గ్యారంటీ లేకుండానే 100 కోట్లతో అహ్మదాబాద్ దారి చూపించాయి. మన దగ్గర 2018 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ రోడ్ల ప్రాజెక్టు కోసం 8.90 శాతానికి 200 కోట్లు తెచ్చింది, అదే ఏడాది డిసెంబరులో విశాఖ కార్పొరేషన్ 10 శాతానికి 80 కోట్లు తెచ్చింది. 200 కోట్ల మీద 8.90 శాతమంటే ఏటా 17 కోట్ల 80 లక్షలు వడ్డీకే పోతుంది. బాండ్లు తెస్తే అమృత్ కింద ప్రతి 100 కోట్లకు 13 కోట్లు కేంద్రం ప్రోత్సాహకంగా ఇచ్చింది కాబట్టి అసలు భారం కొంత తగ్గుతుంది.

రేటింగు, ఆడిటైన లెక్కలు, పక్కాగా వచ్చే ఆదాయం ఉన్న పెద్ద కార్పొరేషన్లకు బాండ్లు మంచివే. నీటి బిల్లులు వసూలు చేయగల పనికి ఇంకా మంచివి. ఫ్లైఓవర్‌కు బాండు తెస్తే కిస్తు ఇంటి పన్నులోంచే కట్టాలి. చిన్న మున్సిపాలిటీలు ఒంటరిగా ఈ మార్కెట్‌కు పోలేవు. తమిళనాడులో 2002-03లో చిన్న పట్టణాలను కలిపి ఉమ్మడి నిధి పేరుతో నీటి పనులకు బాండ్లు తెచ్చారు, కర్ణాటక కూడా ఆ దారి పట్టింది. మన రాష్ట్రాల్లో అలాంటి ఉమ్మడి ఏర్పాటు వస్తే తప్ప, లక్ష జనాభా పట్టణంలో బాండ్ల ప్రస్తావన వచ్చినప్పుడు టీ తాగి రావచ్చు.

2025-26 బడ్జెట్‌లో ప్రకటించిన లక్ష కోట్ల అర్బన్ ఛాలెంజ్ ఫండ్ కూడా ఈ కోవలోదే. ఖర్చులో పావు వంతు కేంద్రం ఇస్తుంది, కనీసం సగం బాండ్లు, బ్యాంకు అప్పులు, ప్రైవేటు భాగస్వామ్యం నుంచి తేవాలి. మార్కెట్లో అప్పు పుట్టని ఊరికి ఆ పావు వంతు అందని ద్రాక్షే.

ప్రైవేటు భాగస్వామ్యం

దీని మీద అటు మోజు, ఇటు భయం రెండూ అవసరానికి మించి ఉన్నాయి. బాగా పనిచేసేది పొదుపు కళ్లకు కనిపించే చోట. వీధిదీపాలు అందుకు ఉదాహరణ. 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో వీధిదీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. పెట్టుబడి వేరే సంస్థది, తగ్గిన కరెంటు బిల్లులోంచి ఏళ్ల తరబడి చెల్లింపు. ఈ పద్ధతిలో గ్రాంటు వృథా చేసుకోవాల్సిన అవసరమే లేదు. ఒక్క జాగ్రత్త: మున్సిపాలిటీ కిస్తు ఆపేస్తే ఆ సంస్థ మరమ్మతులు ఆపేస్తుంది, వీధి చీకటవుతుంది, తిట్లు మాత్రం వార్డు సభ్యుడికే.

చెత్త నుంచి విద్యుత్తు ప్లాంట్లు విశాఖ, గుంటూరుల్లో ఈ పద్ధతిలో వచ్చాయి. ఒక్క చిన్న పట్టణం చెత్త వాటికి సరిపోదు, చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసి పంపాలి. నీరు, మురుగు, చెత్త ప్రాజెక్టుల్లో ప్రైవేటు వాళ్లకు గిట్టుబాటు కాని భాగాన్ని పూడ్చడానికి కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం దాకా ఇచ్చే పద్ధతి 2020 నుంచి ఉంది. కాని నడిపే ఖర్చంతా వినియోగదారుల నుంచి రాబట్టగలగాలన్నది అందులో షరతు. నల్లా బిల్లు పెంచే ధైర్యం కౌన్సిల్‌కు ఉందా లేదా అన్నది ఇక్కడ తేలిపోతుంది.

ఇంటి పన్ను: ఎవరికీ ఇష్టం లేనిది, అన్నింటికీ పనికొచ్చేది

పైన చెప్పిన దారులన్నీ కట్టడానికి ఇస్తాయి. నడపడానికి ఇచ్చేది దాదాపు ఇదొక్కటే. ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను, నీటి చార్జీలు, షాపుల అద్దెలు, ప్లాన్ అనుమతి ఫీజులు కలిసిన సాధారణ నిధికి ముడి లేదు. పగిలిన పైపుకు, కాలిపోయిన మోటారుకు, క్లోరిన్‌కు, ప్లాంటు ఆపరేటరుకు ఇందులోంచే ఇవ్వాలి.

పన్ను పెంపు మాటెత్తితే టెన్షనే. 2020లో కోవిడ్ సమయాన రాష్ట్రాలకు అదనపు అప్పు అనుమతి ఇస్తూ, అందులో రాష్ట్ర స్థూల ఉత్పత్తి (జీఎస్‌డీపీ)లో 0.25 శాతాన్ని పట్టణ సంస్కరణలకు ముడిపెట్టింది కేంద్రం. వాటిని ముందుగా పూర్తి చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అద్దె విలువ మీద వేసే పన్నును ఆస్తి మూలధన విలువ మీదకు మార్చారు, ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదని హద్దు పెట్టారు. దాని మీద జరిగిన గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెడితే, చాలా ఊళ్లలో రేటు పెంచకుండానే రాబడి పెంచొచ్చు. కట్టిన మూడో అంతస్తు రికార్డులో ఉండదు, ఇంటి నంబరు మీద దుకాణం నడుస్తుంటుంది, ప్రభుత్వ భవనాల బకాయిలు ఏళ్ల తరబడి కదలవు. ఏప్రిల్ నెలాఖరులోపు ఏడాది పన్ను కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఉందని తెలియని ఇళ్లు ఇంకా ఉన్నాయి.

రాష్ట్రాల తీరు కూడా చెప్పాలి. రేట్లు పెంచుకోనివ్వరు, ఎన్నికల ముందు మాఫీలు ప్రకటిస్తారు, ఆ లోటు మాత్రం పూడ్చరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్న సామెత మున్సిపాలిటీల కోసమే పుట్టినట్టుంటుంది.

పనిని బట్టి నా ఎంపిక

తాగునీటికి, ఊరంతటికీ కొత్త వ్యవస్థ కావాలంటే పథకం, వాటాకు ఆర్థిక సంఘం నీటి గ్రాంటు. అంతకంటే ముందు ఒక లెక్క వేయండి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 60 వేల మందికి 81 లక్షల లీటర్లు చాలు. మీ పంపింగ్ ఇప్పటికే దానికి దగ్గరగా ఉండి కూడా వీధి చివర ఇళ్లకు నీళ్లు రావడం లేదంటే, లోపం నీటి వనరులో లేదు, లీకుల్లో ఉంది, దొంగ కనెక్షన్లలో ఉంది. అప్పుడు 40 కోట్ల పథకం బదులు 2 కోట్ల ఆర్థిక సంఘం డబ్బుతో వాల్వులు, మీటర్లు, పాత పైపుల మార్పు చేయించడం మంచిది. నేనెరిగిన ఒక పట్టణంలో రెండో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టి ఏళ్లయింది. అందులోకి నీళ్లెక్కించే లైను వేరే పద్దులో ఉండిపోయింది. ట్యాంకు మీద పేర్ల ఫలకం మాత్రం మెరుస్తూ ఉంటుంది.

మురుగునీటికి చిన్న పట్టణాలు భూగర్భ డ్రైనేజీ మోజులో పడొద్దని నా గట్టి సలహా. వాడిన నీటిలో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందన్నది ఇంజనీర్లు వేసుకునే మామూలు లెక్క. 81 లక్షల లీటర్లకు 65 లక్షలు, అంటే 6.5 ఎంఎల్‌డీ (రోజుకు పది లక్షల లీటర్లు ఒక ఎంఎల్‌డీ) ప్లాంటు. డీపీఆర్‌లో 15 ఎంఎల్‌డీ కనిపిస్తే ఎందుకని అడగండి, ముప్పై ఏళ్ల తర్వాతి జనాభాకట అన్న జవాబు వస్తుంది. అంత పెద్ద యంత్రాలకు కరెంటు ఈ రోజు నుంచే కాలుతుంది. ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులున్న ఊరిలో ఆ ట్యాంకుల మలాన్ని లారీలతో తెచ్చి శుద్ధి చేసే ప్లాంటు చాలా తక్కువ ఖర్చులో అవుతుంది. బెంగళూరు దగ్గర దేవనహళ్లిలో 2015లోనే ఇలాంటిది మొదలైంది, తర్వాత వరంగల్‌లోనూ వచ్చింది. ప్లాంటుకు స్వచ్ఛ భారత్ కింద, కాలువ నీటిని మళ్లించి శుద్ధి చేసే చిన్న పనులకు పారిశుధ్య గ్రాంటు కింద అడగొచ్చు.

వరద కాలువకు విడి గ్రాంటు, అది చాలకపోతే యూఐడీఎఫ్. ముక్కలుగా కాకుండా చెరువు అలుగు నుంచి వాగు దాకా ఒకే పనిగా పెట్టాలి. కాలనీ లోపల మాత్రమే కాలువ కడితే నీళ్లు పక్క కాలనీలో దిగుతాయి, గొడవ కూడా అక్కడికే మారుతుంది.

పాత డంపింగ్ యార్డును తవ్వి శుభ్రం చేయడానికి స్వచ్ఛ భారత్ డబ్బే వాడాలి, ఇంకో పద్దు ముట్టుకోనక్కర్లేదు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసే ఏర్పాటు లేకుండా ఆ పని మొదలుపెడితే ఒక వైపు తవ్వుతుంటారు, ఇంకో వైపు ట్రాక్టరు పోస్తూ ఉంటుంది.

రోడ్లకు అమృత్, స్వచ్ఛ భారత్ రెండూ పనికిరావు. విడి గ్రాంటు, సాధారణ నిధి, రాష్ట్రం ఇచ్చే ప్రత్యేక నిధులు. ఎప్పుడు వేయాలన్నది ఇక్కడ ఎంపిక కంటే ముఖ్యం. పైపులైను మంజూరై ఉన్న వీధిలో సీసీ రోడ్డు అడగొద్దు, ఎంపీ నిధులు ఉచితంగా వస్తున్నా సరే.

తీర్మానానికి ముందు ఫైల్లో మూడు కాగితాలు చూడండి: స్థలం మున్సిపాలిటీ పేరున ఉన్నట్టు పత్రం, మన వాటా ఏ పద్దులోంచి ఇస్తామో రాసిన పేజీ, మొదటి ఐదేళ్ల నిర్వహణ ఎవరిదో తెలిపే టెండరు షరతు. నిర్వహణను కాంట్రాక్టులోనే కలిపిన పనికి అంచనా కాస్త ఎక్కువ కనిపిస్తుంది. నాసి మోటారు పెడితే మార్చాల్సింది తనే కాబట్టి కాంట్రాక్టరు కొంచెం జాగ్రత్తగా కడతాడు.

ఇంకొక్క సంగతి, తొందరపడాల్సింది. ఈ పథకాల్లో జనాభా అంటే ఇప్పటిదాకా 2011 జనాభా లెక్కే. కొత్త లెక్కకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. 2011లో 85 వేలు, 90 వేలు ఉన్న పట్టణాలు చాలావరకు లక్ష దాటేసి ఉంటాయి. ఆ సంఖ్య అధికారికమై, వాటాల లెక్క ఇప్పటిలాగే ఉంటే, అలాంటి ఊరికి సగం ఇచ్చే కేంద్రం మూడో వంతే ఇస్తుంది. 40 కోట్ల పని మీద అది 6 కోట్ల 66 లక్షల తేడా. మీ పట్టణం ఆ గీత మీద ఉంటే, వచ్చే కౌన్సిల్ ఎజెండాలో మొదటి అంశం ఏదై ఉండాలో కమిషనర్‌తో ఈ వారమే మాట్లాడండి.